స్నో క్రాష్ చదివిన రోజులు

నీల్ స్టీఫెన్‌సన్ నవల స్నో క్రాష్ పిజ్జా డెలివరీతో మొదలవుతుంది. అమెరికాలో ప్రభుత్వం పేరుకి మాత్రమే మిగిలిన కాలం. పిజ్జా వ్యాపారం మాఫియా చేతిలో ఉంది. ఆర్డరిచ్చిన ముప్పై నిమిషాల్లో పిజ్జా ఇంటికి చేరాలి. చేరకపోతే మాఫియా పెద్ద అంకుల్ ఎంజో స్వయంగా హెలికాప్టర్‌లో దిగి ఆ ఇంటివాళ్ళకి క్షమాపణ చెప్పుకుంటాడు. ఆలస్యం చేసిన డ్రైవర్ గతి ఏమవుతుందో ఎవరూ పైకి అనరు. ఆ రాత్రి షాపులో మంటలు లేవడంతో, హిరో అనే డెలివరీ డ్రైవర్ చేతికి పిజ్జా వచ్చేసరికే ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. పెట్టె మీద అంకెలు వెలుగుతూ మారుతూనే ఉంటాయి. దారిలో స్కేట్‌బోర్డు మీద వెళ్తున్న పదిహేనేళ్ళ కొరియర్ పిల్ల వై.టి. అయస్కాంతం హార్పూన్ ఒకటి విసిరి కారుకి తగిలించుకుంటుంది. వేగం ఆ కారుది, స్వారీ ఆ పిల్లది. అడ్డదారి తొక్కిన హిరో కారు నీళ్ళు లేని స్విమ్మింగ్ పూల్లో పడుతుంది. చివరికి ఆ పిజ్జాని టైముకి చేర్చేది ఆ పిల్లే.

అన్నీ కలిపి కొన్ని పేజీలే. అప్పటికి నాకు అందులో సగం మాటలు తెలియవు. తెలియకపోయినా ఆగలేదు.

ఈ నవల వచ్చింది 1992లో. నేను చదివింది 2001లో, కథ జరిగే లాస్ ఏంజెలెస్‌లోనే. వై2కె, అంటే 2000 సంవత్సరం కోసం కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసే పని, పుణ్యమా అని అమెరికా వచ్చిన మాలాంటి వాళ్ళకి 2000 మార్చి దాకా రోజులు బాగానే గడిచాయి. ఆ నెల 10న టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర ముగిసింది. ఆ తర్వాత దిగడమే దిగడం. ఏడాది తిరిగేసరికి క్లయింట్లు ప్రాజెక్టులు ఒక్కొక్కటే ఆపేశారు. నేను పనిచేస్తున్న చోట కూడా ఒక శుక్రవారం సాయంత్రం బ్యాడ్జి తీసుకుని పంపించేశారు. సోమవారానికల్లా నేను బెంచ్ మీద ఉన్నాను, అంటే చేతిలో ప్రాజెక్టు లేకుండా.

బెంచ్ అంటే ఏమిటో ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు అద్దెకి తీసుకున్న రెండు బెడ్‌రూముల గెస్ట్ హౌస్, అందులో ఏడెనిమిది మంది. హాల్లో పరుపులు వరసగా పరిచి ఉండేవి. రైస్ కుక్కర్‌కి విశ్రాంతి ఉండేది కాదు. గోంగూర పచ్చడి సీసా ఎవరిదో తెలియదు, అందరిదీ. పొద్దున్నే హాట్ లిస్టులో, అంటే ప్రాజెక్టు కోసం చూస్తున్నవాళ్ళ జాబితాలో, మన పేరు ఉందో లేదో చూసుకోవడం, మార్కెటింగ్ వాళ్ళ ఫోన్ కోసం కూర్చోవడం. ఫోన్ మోగితే ఎనిమిది తలలు ఒకేసారి లేచేవి. జీతం లేదు, వీసా గురించి రాత్రిపూట టెన్షన్, ఇంటికి ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది నాన్నా" అని చెప్పడం. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది మాత్రం కదలిక లేకపోవడం. కారు కొనలేదు. లాస్ ఏంజెలెస్‌లో కారు లేనివాడు ఎక్కడికి పోతాడు? వెనిస్ బొలివార్డ్ మీద నడిచి ఇండియన్ గ్రోసరీ షాపు దాకా వెళ్ళి పప్పు, చింతపండు తెచ్చుకోవడమే షికారు.

లైబ్రరీ కూడా ఆ నడక దూరంలోనే ఉండేది. ఉద్యోగాల సైట్లు చూసుకోవడానికి అక్కడి కంప్యూటర్ల కోసం వెళ్ళేవాణ్ణి. గంటకి మించి ఒకరికి ఇచ్చేవాళ్ళు కాదు. నా వంతు వచ్చేదాకా అలమరాల మధ్య తిరుగుతుంటే ఈ పుస్తకం దొరికింది. అట్ట అంచులు నలిగి ఉన్నాయి. నిలబడే మొదటి పేజీ తెరిచాను. వంతు వచ్చిందని పిలిచినా లేవబుద్ధి కాలేదు.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి షాడో నవలలు తెచ్చుకుని, పొద్దున్నే తిరిగిచ్చేయాలి కాబట్టి రాత్రికి రాత్రే ముగించిన తరం మాది. పేజీ తిప్పించే నవల ఎలా ఉంటుందో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఇంజినీరింగ్‌లో చేరాక, ఉద్యోగంలో పడ్డాక ఆ ఆకలి ఎక్కడో పోయింది. ఇంగ్లీషులో చదివినవన్నీ సర్టిఫికేషన్ పుస్తకాలే. స్నో క్రాష్ ఆ ఆకలిని తిరిగి తెచ్చింది. నవల మొత్తం వర్తమానంలో నడుస్తుంది. హిరో పరుగెత్తాడు అని ఉండదు, పరుగెత్తుతున్నాడు అనే ఉంటుంది. వాక్యాలు ఊపిరి తీసుకోనివ్వవు. మొదట దీన్ని కంప్యూటర్ బొమ్మలతో గ్రాఫిక్ నవలగా చేద్దామనుకున్నానని రచయితే పుస్తకం చివర రాశారు. చదువుతుంటే అది తెలుస్తూనే ఉంటుంది. ప్రతి సన్నివేశం ముందు కంటికి కనిపించి, ఆ తర్వాత అర్థమవుతుంది.

హిరో గురించి చెప్పాలి. మంచి ప్రోగ్రామర్. మెటావర్స్ అనే కంప్యూటర్ లోకాన్ని మొదట్లో కట్టిన కుర్రాళ్ళలో ఒకడు. కంపెనీల్లో గుంపు పని నచ్చక బయటికొచ్చి పిజ్జాలు మోస్తున్నాడు. ఉండేది ఇంగిల్‌వుడ్‌లో, సామాన్లు దాచుకునే గోదాములో ఒక గది. అదీ ఒక రాక్ సంగీతగాడితో పంచుకుని. విమానాశ్రయానికి దగ్గర్లోని ఊరు ఇంగిల్‌వుడ్, మా గెస్ట్ హౌస్‌కీ మరీ దూరం కాదు. హిరో గదిలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంటాడు. అంతే, ఎదురుగా వీధి. నల్లటి గోళం చుట్టూ భూమధ్యరేఖలా తిరిగే ఒకే ఒక్క వీధి, పొడవు 65,536 కిలోమీటర్లు. రెండుని పదహారుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. ఆ వీధిలో నడిచే మోనోరైలుకి 256 కిలోమీటర్లకొక పెద్ద స్టేషన్. లెక్క చూసిన ప్రోగ్రామర్ ఎవడైనా పుస్తకం పక్కన పెట్టి ఒక్క క్షణం ఆనందపడతాడు. మొదటి రోజుల్లోనే అక్కడ చవగ్గా స్థలం కొనుక్కున్నాడు కాబట్టి, గోదాములో బతికే హిరోకి ఆ వీధిలో పెద్ద ఇల్లుంది.

ఏడుగురి మధ్య పరుపు మీద పడుకుని ఇది చదువుతుంటే నాకెలా ఉండేదో మాటల్లో పెట్టలేను. ప్రోగ్రామింగ్ వచ్చినవాడు పని లేక ఇరుకు గదిలో ఉండటం అవమానం అని మేమందరం లోలోపల నమ్మి కూర్చున్న రోజులవి. ఈ పుస్తకంలో అలాంటివాడే కత్తి పట్టుకుని ప్రపంచాన్ని కాపాడుతున్నాడు. ఎవరి జాలీ అడగడు. అతని విజిటింగ్ కార్డు మీద ఉండేది రెండే గొప్పలు: స్వతంత్ర హ్యాకర్లలో ఆఖరివాడు, ప్రపంచంలోకెల్లా గొప్ప కత్తివీరుడు. రెంటినీ నిజమని నమ్మే బతుకుతాడు.

ఇంకో చిన్న వివరం ఎప్పటికీ మర్చిపోలేను. సొంత కంప్యూటర్ లేక పబ్లిక్ టెర్మినళ్ళ నుంచి మెటావర్స్‌లోకి వచ్చేవాళ్ళు ఆ వీధిలో నలుపు తెలుపుల్లో, గరుగ్గా, చెదిరిపోతూ కనిపిస్తారు. రంగుల్లో మెరిసిపోయేవాళ్ళు వాళ్ళని చూసి మొహం తిప్పుకుంటారు. లైబ్రరీ కంప్యూటర్ ముందు గంట లెక్కన కూర్చుని రెజ్యూమేలు పంపుతున్న నాకు ఆ నలుపు తెలుపు మనుషులు ఎవరో వెంటనే తెలిసింది. అంతస్తుల తేడా అక్కడికి కూడా వస్తుందని 1992లోనే ఇంత తేలిగ్గా, ఒక్క బొమ్మలో చూపించడం మామూలు విషయం కాదు.

రాత్రుళ్ళు బయటికి నడిస్తే బొలివార్డ్ పొడుగునా బోర్డులు వెలుగుతుండేవి. బర్గర్ షాపు పసుపు, పెట్రోల్ బంకు ఎరుపు, డోనట్ షాపు గులాబీ, ఇరవై నాలుగ్గంటల లాండ్రీ నీలం. నవలలో ఈ వెలుగుకి ఒక పేరే ఉంది, లోగ్లో. అంతకుముందు అది నాకు పరాయి ఊరి వెలుతురు. ఈ పుస్తకం చదివాక ఆ పేవ్‌మెంట్ మీద నడుస్తుంటే ఏ మూల నుంచి వై.టి. స్కేట్‌బోర్డు దూసుకొస్తుందో అన్నట్టుండేది. ఊరు నచ్చడం మొదలైంది అప్పుడే.

మా గెస్ట్ హౌస్‌లో అందరికంటే పెద్దాయన కరీంనగర్ నుంచి వచ్చిన అన్న. మెయిన్‌ఫ్రేమ్‌లనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసే మనిషి. ఆయనకి కథల పుస్తకాలంటే పడేది కాదు. వంటింట్లో లైటు వేసుకుని చదువుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏం చదువుతున్నవ్‌రా ఇంత రాత్రి దాంక? ఇంటర్వ్యూ ఉన్నదా?"

"లేదన్నా, నవల. కంప్యూటర్ వైరస్ మనిషికి అంటుకుంటుంది."

"మనిషికెట్ల అంటుతది?"

చెప్పడం మొదలుపెట్టాను. స్నో క్రాష్ అనేది మత్తుమందూ, వైరసూ కూడా. మెటావర్స్‌లో ఒక అమ్మాయి రూపం హిరో స్నేహితుడికి ఒక చుట్ట విప్పి చూపిస్తుంది. అందులో ఉండేవి నలుపు తెలుపు చుక్కలే, యాంటెనా గాలికి పక్కకి తిరిగినప్పుడు మన పాత టీవీల్లో వచ్చే చుక్కల్లాంటివి. పాత మాకింతోష్ క్రాష్ అయినప్పుడు తెర అలా అయిపోవడం చూసే ఈ పేరు పెట్టానని రచయిత తర్వాత ఒక వ్యాసంలో రాశారు. సున్నాలు, ఒకట్లతో నడిచే బైనరీ అర్థం చేసుకునే అలవాటు హ్యాకర్ల మెదడుకి ఉంటుంది కాబట్టి, ఆ చుక్కలు కళ్ళ ద్వారా లోపలికి వెళ్ళి మెదడునే పాడుచేస్తాయి. ఆ స్నేహితుడు ఆస్పత్రి మంచం మీద అర్థంకాని భాషలో గొణుగుతూ పడి ఉంటాడు.

అన్న కూర్చున్నాడు. టీ పెట్టాడు.

నవల మధ్యలో పరుగు ఆగి పెద్ద చర్చ నడుస్తుంది. లైబ్రేరియన్ అనే ప్రోగ్రాం హిరోకి ప్రాచీన మెసపొటేమియాలోని సుమేరు నాగరికత గురించి పేజీలకి పేజీలు చెబుతుంది. చాలామంది ఈ భాగం విసుగని అంటారు. నేను ఒప్పుకోను. కథలో అసలు లోతు అక్కడే ఉంది. సుమేరులో రొట్టె కాల్చడం దగ్గర్నుంచీ ప్రతి పనికీ ఒక పాఠం ఉండేదట, గుడిలో దాచేవారట. దాన్ని వింటే మనిషి ఆ పని చేసేస్తాడు, అంటే ప్రోగ్రాం లాగా. ఎంకీ అనే దేవుడు పలికిన ఒక మాటతో జనం ఆ భాషనే మర్చిపోయి, ఆ పాఠాలకి లొంగడం మానేశారని, బైబిల్లో మనుషుల భాషలు తారుమారైన బేబెల్ గోపురం కథకి మూలం అదేనని నవల ఊహ. పలికితే చాలు, ఏం చెబుతుందో అది జరిగిపోయే మాట.

ఇది చెప్పగానే అన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మా తాత తేలు మంత్రం ఏసేటోడురా. రాత్రి ఏ టైముకొచ్చినా లేచి ఏసేటోడు. పైసలు తీసుకోవద్దు, ఇంకొకనికి చెప్పొద్దు. చెప్తే పని చెయ్యదు. మా నాయనకు గూడ చెప్పకుండనే పోయిండు" అన్నాడు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన తాత, వాళ్ళ ఊరు, లాంతరు పట్టుకుని వచ్చేవాళ్ళు, నొప్పితో ఏడుస్తూ వచ్చి నవ్వుతూ వెళ్ళిన పిల్లలు. అన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండీ మేం అంతకుముందు మాట్లాడుకున్నదంతా వీసా, రేటు, క్లయింటు. రోజూ నేను చదివింది పొద్దున అన్నకి చెప్పడం అప్పట్నుంచి అలవాటైంది. భీమవరం కుర్రాడు ఒకడు "ఆ పిజ్జా అమ్మాయి ఏమైంది గురూ?" అని స్నానానికి వెళ్తూ అడిగేవాడు. మా హాల్లో అది సీరియల్ అయిపోయింది.

విలన్ రేవెన్ అందరికీ నచ్చేశాడు. అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల మనిషి, గాజుకత్తులతో చంపుతాడు, బైక్ సైడ్‌కార్‌లో హైడ్రోజన్ బాంబు వేసుకుని తిరుగుతాడు. అతని మెదడుకి దాన్ని కలిపి ఉంచారు, అతను చస్తే బాంబు పేలుతుంది. అందుకే పోలీసులు కూడా అతన్ని ముట్టుకోరు. ఇలాంటి ఊహలు ఈ పుస్తకంలో పేజీకొకటి. ఇంకొకరైతే ఒక్కో ఊహ మీద ఒక్కో నవల రాసుకునేవారు. స్టీఫెన్‌సన్ వాడేసి ముందుకెళ్ళిపోతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది రాట్ థింగ్. కాపలా కుక్క మెదడుని యంత్రంలో పెట్టి తయారుచేసిన జంతువు. కంటికి కనపడనంత వేగంగా పరుగెడుతుంది. దాని లోపల అణుశక్తి వేడి ఉంటుంది, పరుగెడుతున్నప్పుడు తగిలే గాలికే అది చల్లబడుతుంది. ఆగిపోతే లోపల్లోపలే ఉడికిపోతుంది. ఒకసారి గాయపడి రోడ్డు మీద పడిపోయిన అలాంటిదాన్ని వై.టి. చేతులు కాలుతున్నా లెక్కచేయకుండా ఎత్తి దాని చల్లటి గూట్లోకి చేరుస్తుంది. ఎవరూ చెయ్యమనలేదు. అది ఒకప్పుడు తనకి తెలిసిన కుక్కే, ఫిడో, అని కూడా అప్పటికి ఆ పిల్లకి తెలియదు. నవల చివర్లో వై.టి. ప్రమాదంలో ఉన్నప్పుడు ఫిడోకి కబురు తెలుస్తుంది. కాపలా కట్టుబాట్లన్నీ తెంచుకుని, శబ్దం కంటే వేగంగా పరుగెత్తి, విమానాశ్రయంలో అసలు విలన్ రైఫ్ జెట్ విమానం మీద పడుతుంది. ఫిడో ఆలోచనలన్నీ కుక్క ఆలోచనలే. మంచి అమ్మాయి, ఆ అమ్మాయిని బాధపెట్టేవాళ్ళు చెడ్డవాళ్ళు, అంతే. ఆ పేజీలు చదువుతూ నేను ఏడ్చాను. ఆగిపోతే ఉడికిపోయే ప్రాణి గురించి బెంచ్ మీద కూర్చుని చదవడం వల్ల కావచ్చు. ఇప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది కాబట్టి కారణం బెంచ్ ఒక్కటే కాదు.

ఆ ఏడాది చివర్లో నాకు వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు దొరికింది. అన్నకి ఇంకా ముందే దొరికింది. వెళ్ళేముందు నేను చెప్పకుండా ఆపిన చివరి భాగమంతా అడిగి చెప్పించుకుని మరీ బస్సెక్కాడు.

తర్వాత ఈ పుస్తకానికి జోస్యం చెప్పిన పుస్తకమనే పేరొచ్చింది. 2005లో గూగుల్ ఎర్త్ వచ్చినప్పుడు అందరిలాగే నేనూ ముందు మా ఊరి చెరువు వెతుక్కున్నాను. మెటావర్స్ ఇంట్లో హిరో గదిలో గాల్లో వేలాడే భూగోళం గుర్తొచ్చింది, చేత్తో తిప్పి ఎక్కడికైనా దిగి చూడగలిగే భూగోళం. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ మెటా అని పేరు మార్చుకున్నప్పుడు పత్రికలన్నీ మెటావర్స్ అనే మాట ఈ నవల నుంచే వచ్చిందని రాశాయి. ఆ మార్పుతో తనకేమీ సంబంధం లేదని స్టీఫెన్‌సన్ ప్రకటించాల్సి వచ్చింది. ఈ గౌరవం పుస్తకానికి దక్కాల్సిందే. కానీ ఆ వార్తలు చదివి నవల కొన్నవాళ్ళు టెక్నాలజీ పాఠం కోసం వెతుక్కుని నిరాశపడటం చూశాను. నాకది బాధగా ఉంటుంది. ఇది పరుగు కోసం చదవాల్సిన పుస్తకం. రాబోయే కాలం గురించి ఏం చెప్పిందో తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ పిజ్జా కారెక్కాలి.

ఇప్పుడు నేనుండేది హైదరాబాద్‌లో. కొండాపూర్ సిగ్నల్ దగ్గర నిమిషాల్లో తెచ్చిచ్చే డెలివరీ బ్యాగులు వేసుకున్న కుర్రాళ్ళు బండి ఆఫ్ చెయ్యకుండా ఫోన్‌లో టైము చూసుకుంటూ ఉంటారు. అమెరికాలో డామినోస్ ముప్పై నిమిషాల హామీని 1993లోనే ఎత్తేసింది, ప్రమాదాల కేసుల్లో జ్యూరీ పెద్ద మొత్తం విధించాక. నవలలో ఉత్సాహంగా చదివిన ఆ అంకెలు ఈ కుర్రాళ్ళ చేతుల్లో చూస్తే భయమేస్తుంది. వాళ్ళకి దారివ్వడానికి బండి పక్కకి తీస్తాను.

ఈమధ్య మళ్ళీ మొదటినుంచీ చదివాను. పదిహేనేళ్ళ పిల్లని, రేవెన్‌ని కలిపి రాసిన సన్నివేశం అప్పుడూ ఇబ్బందిగానే అనిపించింది, ఆడపిల్ల తండ్రిగా ఇప్పుడు అసలు మింగుడు పడలేదు. అది లేకపోయినా కథకి లోటుండేది కాదు. అప్పట్లో గబగబా దాటేసిన వై.టి. తల్లి భాగం మాత్రం ఈసారి పట్టి కూర్చోబెట్టింది. ఆవిడ ప్రభుత్వ ఆఫీసులో ప్రోగ్రామర్. టాయిలెట్ పేపర్ వాడకం మీద పొడుగాటి మెమో వస్తుంది. చదవడానికి పట్టే సమయం 15.62 నిమిషాలు అని దాని మీదే ఉంటుంది. ఎవరు ఎంతసేపు చదివారో కంప్యూటర్ లెక్క రాసుకుంటుంది. తక్కువసేపు చదివితే నిర్లక్ష్యం, ఎక్కువసేపు చదివితే మందకొడితనం, సరిగ్గా 15.62 నిమిషాలే చదివితే పొగరు. ఆవిడ అన్నీ ఆలోచించుకుని, తన వయసుకి ఎంతసేపు చదివితే మంచిదో లెక్క వేసుకుని, ఆ లెక్క ప్రకారం పేజీలు దించుతుంది. ఇంటి దగ్గర లాప్‌టాప్‌లో మౌస్ కదలకపోతే పేరు పక్కన పసుపు చుక్క వస్తుందని చూసుకుంటూ పనిచేసే ఈ రోజుల్లో ఆ రెండు మూడు పేజీలు నవ్వుతూ చదవలేకపోయాను. ఆ తల్లి అదంతా భరిస్తున్నది కూతురి కోసమే. తల్లి దృష్టిలో కూతురు క్షేమంగా ఉంది. కూతురేమో ఫ్రీవే మీద లారీలకి హార్పూన్ వేసి తిరుగుతోంది.

మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. డైనింగ్ టేబుల్ మీద పుస్తకం చూసి "నాన్నా, ఇది బాగుంటుందా?" అంది. చదివి చూడమన్నాను. పిజ్జా భాగం సిటీ బస్సులో చదివిందట, దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఇప్పుడు లైబ్రేరియన్ దగ్గరుంది. అన్న తాతగారి తేలు మంత్రం సంగతి చెబితే ఆసక్తిగా విని, ఆయన నంబరు కావాలంది. ఫిడో గురించి మాత్రం ఒక్క ముక్క కూడా ముందే చెప్పొద్దని షరతు పెట్టింది, నోరు కట్టుకుని తిరుగుతున్నాను.